హైదరాబాద్ పడమరకే ఎందుకు పెరిగింది? ("ఐటీ వచ్చింది కాబట్టి" అనొద్దు, ఐటీ అక్కడికే ఎందుకు వచ్చిందో చెప్పండి)

తూర్పుగాలి అడిగిన ప్రశ్న:

తూర్పున వరంగల్ హైవే ఉంది, రైల్వే ఉంది, ఉస్మానియా యూనివర్సిటీ ఉంది. ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ లాంటి కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఎప్పటి నుంచో ఉన్నాయి. నేల కూడా దాదాపు చదునే. పడమర చూస్తే 90ల దాకా బండలూ, సీతాఫలం చెట్లే. అయినా ఇవాళ నలభై అంతస్తుల భవనాలన్నీ అటే. ఉప్పల్, నాగోల్, బోడుప్పల్ వైపు చూస్తే కిలోమీటర్ల కొద్దీ మూడంతస్తుల ఇళ్లే.

నా సందేహాలు ఇవి. ఒకటి, 90ల్లో ఎవరో ఒక నాయకుడు మ్యాప్ మీద వేలు పెట్టి "ఇక్కడ" అన్నంత మాత్రాన ఇంత తేడా వస్తుందా? రెండు, బిల్డింగ్ రూల్స్ నగరమంతటికీ ఒకటే కదా, తూర్పున టవర్లు ఎందుకు లేవవు? మూడు, ప్రభుత్వాలు "లుక్ ఈస్ట్" అంటూనే ఉన్నాయి, దానివల్ల మారేదేమైనా ఉందా?

పార్టీల గొడవ వద్దు. లెక్కలతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

---

సర్వేనంబర్ జవాబు:

వేలు పెట్టింది ఎవరైనా, వేలు పెట్టడానికి అక్కడ ఖాళీ ఉండాలి. అది ఎలా మిగిలిందో తెలియాలంటే 90లు చాలవు, 1949కి వెళ్లాలి.

నిజాం కాలంలో నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్ బల్దా జిల్లా సర్ఫేఖాస్ కింద ఉండేది, అంటే నిజాం సొంత ఆస్తి. దాని పక్కనే పాయగాలు (నిజాం బంధువులైన ప్రభువుల ఎస్టేట్లు), జాగీర్లు. 1949లో సర్ఫేఖాస్ విలీనమైంది, జాగీర్ల రద్దు కూడా అదే ఏడాది. సాగు ఉన్న చోట దున్నుకుంటున్న రైతు పేరు పహాణీలోకి (గ్రామ భూమి రికార్డులోకి) ఎక్కింది. బండలు, మేత భూములు ఉన్న చోట "సర్కారీ", "కంచ" అనే మిగిలింది. కంచ గచ్చిబౌలి అన్న పేరులోనే ఆ చరిత్ర ఉంది. అంటే పంటకు పనికిరాకపోవడమే పడమరకు కలిసొచ్చింది: ఎవరికీ అక్కర్లేదు కాబట్టి ముక్కలు కాలేదు.

రెండో మలుపు ఎవరూ ఊహించని వైపు నుంచి వచ్చింది. 1972–73 జై ఆంధ్ర ఉద్యమం, దాన్ని చల్లార్చడానికి ఆరు సూత్రాల పథకం, అందులో ఒక సూత్రం హైదరాబాద్‌లో కేంద్ర విశ్వవిద్యాలయం. 1974లో అది వచ్చినప్పుడు గచ్చిబౌలి దగ్గర దాదాపు 2,300 ఎకరాలు ఒకే ముక్కగా ఇచ్చారు. ముల్కీ (ఉద్యోగాలు స్థానికులకే అన్న రూల్) గొడవకు చేసిన రాజకీయ పరిష్కారం అలా భూమి పటంలో అచ్చయింది. తర్వాత ఆ ముక్క అంచుల నుంచే రకరకాల సంస్థలకు ఇచ్చుకుంటూ పోయారు. 2025లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన 400 ఎకరాల వివాదం దాని కొనసాగింపే.

మణికొండ సంగతి మరొకటి. దర్గా హుస్సేన్ షా వలీకి చెందిన వక్ఫ్ భూమా, జాగీర్ భూమా అని దశాబ్దాలు నడిచిన కేసులో 1,654 ఎకరాలు ప్రభుత్వానివేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పు వచ్చేసరికే వాటిలో చాలా భాగం కంపెనీలకూ సంస్థలకూ వెళ్లిపోయింది. టైటిల్ తేలకుండానే కట్టడం ప్రభుత్వ ముద్ర ఉన్న భూమిలోనే సాధ్యం. మామూలు పట్టాదారుకైతే బ్యాంకు లోన్ కూడా రాదు.

ఇక 1976 పట్టణ భూ పరిమితి చట్టం. హైదరాబాద్‌లో ఒకరికి 1,000 చదరపు మీటర్లకు మించి ఖాళీ జాగా ఉండకూడదు. దాంతో పెద్ద పట్టాదార్లు సర్‌ప్లస్ కింద పోతుందన్న భయంతో సొసైటీల పేరిట, నోటరీల మీద, పాత తేదీల కాగితాలతో 150, 200 గజాల ప్లాట్లు చేసి అమ్మేశారు. తూర్పు, ఆగ్నేయం ఎక్కువగా ఇలా తయారైనవే. ఉమ్మడి రాష్ట్రంలో ఆ చట్టం 2008లో పోయింది. అప్పటికి ముక్కలవ్వాల్సినవన్నీ ముక్కలయ్యాయి.

కాబట్టి 90ల్లో హైటెక్ సిటీకి జాగా వెతికినప్పుడు (ప్రభుత్వ పారిశ్రామిక సంస్థ ఏపీఐఐసీ, ఎల్ అండ్ టీ కలిసి కట్టిన సైబర్ టవర్స్ 1998లో మొదలైంది) ప్రభుత్వం చేతిలో పెద్ద ముక్కలు దొరికింది మాదాపూర్ వైపు. 2001లో సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ పెట్టి, 52 చదరపు కిలోమీటర్లకు విడిగా మాస్టర్ ప్లాన్ గీసి, ముందే వెడల్పు రోడ్లు పెట్టుకున్నారు. తూర్పున ముందు ఇళ్లు, తర్వాత రోడ్లు. పడమర దానికి తలకిందులు.

ఇంకో మాట. తూర్పు, ఉత్తరాల్లో పెద్ద ముక్కలు లేవనికాదు. కంటోన్మెంట్, మౌలాలి రైల్వే భూములు, హకీంపేట ఎయిర్ ఫోర్స్ స్టేషన్, ఎన్‌ఎఫ్‌సీ, కంచన్‌బాగ్ రక్షణ సంస్థలు, అన్నీ పెద్దవే. కానీ అవి కేంద్రం చేతిలో ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వానికి వాటిని వేలం వేసే అధికారం లేదు, వాటి మధ్య నుంచి రోడ్డు వేయాలన్నా ఢిల్లీ అనుమతి కావాలి.

---

గజంలెక్క జవాబు:

సర్వేనంబర్ గారు చెప్పింది పునాది. మీ రెండో ప్రశ్నకు జవాబు బిల్డింగ్ రూల్స్ పట్టికలో ఉంది. రూల్స్ అందరికీ ఒకటే, కానీ ఆ ఒకే రూల్ పెద్ద ముక్కకు వరం, చిన్న ముక్కకు శాపం.

2006 మార్చిలో జీవో 86 వచ్చింది. మిగతా పెద్ద నగరాల్లో లేని పని చేసింది: ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి ఎత్తేసింది. అంటే స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న లెక్క లేదు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ, ఈ రెండే ఎత్తును నిర్ణయిస్తాయి. 2012లో జీవో 168 దాన్ని సవరించి కొనసాగించింది. ఆ పట్టికలో కొన్ని వరసలు:

18 నుంచి 21 మీటర్ల ఎత్తుకు కనీసం 12 మీటర్ల రోడ్డు, చుట్టూ 7 మీటర్ల ఖాళీ.
27 నుంచి 30 మీటర్లకు 18 మీటర్ల రోడ్డు, 10 మీటర్ల ఖాళీ.
40 నుంచి 45 మీటర్లకు 24 మీటర్ల రోడ్డు, 13 మీటర్ల ఖాళీ.
50 నుంచి 55 మీటర్లకు 30 మీటర్ల రోడ్డు, 16 మీటర్ల ఖాళీ.

హైరైజ్‌కు కనీస స్థలం 2,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు అరెకరం. 55 దాటాక ఖాళీ పెరిగేది కొద్దికొద్దిగానే. తర్వాత సవరణలు వచ్చాయి కాబట్టి ప్లాన్ గీయించేవాళ్లు తాజా పట్టిక చూసుకోవాలి. ఇక్కడ సూత్రం అర్థమైతే చాలు.

ఇప్పుడు ఒకే ఎత్తు, 55 మీటర్లు, మూడు స్థలాల్లో వేసి చూడండి.

అరెకరం, సుమారు 40 × 50 మీటర్లు. నాలుగు వైపులా 16 వదిలితే మిగిలేది 8 × 18. లిఫ్టులు, మెట్లు పెట్టాక ఇల్లు ఎక్కడ? స్థలంలో 7 శాతం. పనికిరాదు.

ఎకరం, సుమారు 60 × 67. మిగిలేది 28 × 35, దాదాపు 24 శాతం. కట్టొచ్చు, కానీ లాభం అంతంతే.

పది ఎకరాలు, సుమారు 200 × 202. మిగిలేది 168 × 170, దాదాపు 70 శాతం. టవర్ల మధ్య దూరం, ఫైరింజన్ తిరిగే దారి, పార్కు జాగా తీసేసినా కావలసినంత మిగులుతుంది.

ఖాళీ అనేది అంచు పొడవును బట్టి పోతుంది, కట్టడం విస్తీర్ణాన్ని బట్టి వస్తుంది. స్థలం పది రెట్లయితే అంచు మూడు రెట్లకు కాస్త పైన మాత్రమే అవుతుంది. అందుకే ఎఫ్‌ఎస్‌ఐ ఎత్తేయడం కాగితం మీద అందరికీ ఇచ్చిన స్వేచ్ఛ, వాడుకోగలిగింది పెద్ద ముక్కలున్నవాళ్లు. పెద్ద ముక్కలు ఎక్కడున్నాయో పైన చెప్పారు.

తూర్పు ప్లాటు లెక్క చూడండి. 200 గజాలంటే 167 చదరపు మీటర్లు. ఆ సైజుకు 10 మీటర్ల ఎత్తు దాకానే అనుమతి. మీకు కనిపించే మూడంతస్తులు అక్కడివాళ్ల అభిరుచి కాదు, ఆ పట్టికలో ఆ వరస.

---

తూర్పుగాలి:

లెక్క బాగుంది సర్. మరి ఒక ముప్పై మంది ప్లాట్లవాళ్లు కలిసి బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇస్తే? ముప్పై ఇంటూ 200 అంటే 6,000 గజాలు, ఎకరం పైమాటే.

---

గజంలెక్క:

మూడు చోట్ల ఆగిపోతుంది.

మొదటిది రోడ్డు. పాత గ్రామ పంచాయతీ లేఅవుట్లలో రోడ్లు 25, 30 అడుగులు. 30 అడుగులంటే 9 మీటర్లు. హైరైజ్ మొదటి మెట్టుకే 12 మీటర్లు, అంటే 40 అడుగులు కావాలి. ముప్పై కాదు, మూడొందల ప్లాట్లు కలిపినా ముందున్న రోడ్డు వెడల్పు అవ్వదు. ఎదుటివరస ఇళ్లవాళ్లూ ముందుకొచ్చి తలా కొంత వదలాలి. వదలరు.

రెండోది లోపలి రోడ్డు. ముప్పై ప్లాట్లలో కనీసం ఒక అడ్డరోడ్డు ఉంటుంది. అది స్థానిక సంస్థది. దాన్ని కలుపుకుని ఒకే స్థలంగా చూపించలేరు. అంటే కాగితం మీద ఎకరం పావు, నిజానికి 15 ప్లాట్ల చొప్పున రెండు చీలికలు.

మూడోది మనుషులు. ముప్పై లింక్ డాక్యుమెంట్ల వరసలు, వారసులు, ఒకరు అమెరికాలో, ఒకరి ప్లాటు బ్యాంకు తనఖాలో, ఇద్దరి మధ్య హద్దు తగువు. ఒక్కరు చివరిదాకా ఆగి "నాకు ఎక్కువ ఇస్తేనే" అంటే మిగతా ఇరవై తొమ్మిదీ ఆగుతాయి. బిల్డర్లకు ఇది తెలుసు, అందుకే తూర్పున నాలుగైదు ప్లాట్లు కలిపి ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ దాకానే వస్తారు.

ఇంకో వింత ఉంది. రోడ్డు విస్తరణలో జాగా పోగొట్టుకున్నవాళ్లకు డబ్బుకు బదులు టీడీఆర్ (వేరే చోట అదనంగా కట్టుకునే హక్కు పత్రం) ఇస్తారు, 2017 డిసెంబర్ జీవో ప్రకారం పోయిన దానికి 400 శాతం. దాన్ని అమ్ముకోవచ్చు. కొనేదెవరు? అదనపు అంతస్తు వేసుకోగలిగినవాళ్లు. అంటే ఇరుకు బస్తీలో రోడ్డు కింద పోయిన గజాలు పడమర టవర్ల పైన అంతస్తులుగా తేలే వీలుంది. ఇందులో మోసమేమీ లేదు, రూల్ తయారైన తీరే అది.

---

దిగువమూసీ జవాబు:

మీరంతా భూమి గురించి చెప్తున్నారు. నీళ్ల గురించి కూడా వినండి, నా లెక్కన సగం కథ అదే.

మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి పడమర నుంచి తూర్పుకు పారుతుంది. గచ్చిబౌలి వైపు ఎత్తు, ఉప్పల్ వైపు పల్లం. మురుగు ఎటు పోతుంది? అందుకే ఊళ్లోని పెద్ద మురుగు శుద్ధి కేంద్రాలు అంబర్‌పేట (రోజుకు 339 మిలియన్ లీటర్లు), నాగోల్ (172) దగ్గరకొచ్చాయి. నగరమంతా ఫ్లష్ నొక్కితే వచ్చి చేరేది ఇటే. వాసన వచ్చే వైపు ఆఫీసు కొనేవాడు తక్కువ, చవక ప్లాటు కొనేవాడు ఎక్కువ.

ఎగువన దీనికి సరిగ్గా వ్యతిరేకం. 1908 సెప్టెంబర్ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాలతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. వాటిని కాపాడటానికి 1996 మార్చిలో జీవో 111: పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో కట్టడాలకు ఆంక్షలు, ఎఫ్‌ఎస్‌ఐ 0.5 మాత్రమే. నైరుతి అంతా అలా తాళం పడింది. తాళం వేసిన చోట భూమి ముక్కలవ్వలేదు, చెట్లూ మిగిలాయి. దాని అంచున ఉన్న నార్సింగి, కోకాపేటల ధర పెరగడానికి ఆ పచ్చదనమూ ఒక కారణం. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ ఆంక్షల్ని షరతులతో ఎత్తేసింది. జంట జలాశయాల అవసరం తాగునీటికి ఇక అంతగా లేదన్నది చెప్పిన కారణం. మరి వరదకు అవసరం లేదా? రెండు జలాశయాలూ గేట్లు ఎత్తిన రోజు చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వాళ్లను అడగండి.

మంచినీళ్లూ మొదట పడమర నుంచే వచ్చాయి. మంజీరా నీళ్లు 1965 నుంచి సంగారెడ్డి వైపు నుంచి దిగేవి. బీహెచ్‌ఈఎల్, బాలానగర్ ఐడీపీఎల్ లాంటి ప్రభుత్వ ఫ్యాక్టరీలు అదే దిక్కున పెరిగాయి. ఐడీపీఎల్ నుంచి బయటికొచ్చినవాళ్లే తర్వాత ఊరి మందుల పరిశ్రమను నడిపారు, రెడ్డీస్ అంజిరెడ్డి గారితో సహా. ఆ ఉద్యోగులకూ, కోస్తా నుంచి వచ్చినవాళ్లకూ కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ ఇల్లయింది. కాబట్టి హైటెక్ సిటీ అడవిలో పుట్టలేదు. ఐదారు కిలోమీటర్ల దూరంలో చదువుకున్న మధ్యతరగతి కాలనీలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

కృష్ణా నీళ్లు 2004లో వచ్చాయి, అవి సాహెబ్‌నగర్ మీదుగా, అంటే తూర్పు–ఆగ్నేయం నుంచి. నీళ్లు మొదట అందే వైపు అదే, కానీ ఎత్తున ఉన్న పడమరకు వాటిని పంపులతో ఎక్కించాలి. ఎక్కిస్తున్నాం. ఆ కరెంటు బిల్లు నగరమంతా కడుతుంది.

---

రాయదుర్గం_కాలిబాట జవాబు:

అన్నలూ, భూమీ నీళ్లూ సరే. కానీ పెద్ద ముక్క ఉంటే చాలు అన్నట్టు మాట్లాడితే పోచారం ఎందుకు మాదాపూర్ కాలేదు?

వరంగల్ హైవే మీద పోచారంలో ఇన్ఫోసిస్‌కు దాదాపు 450 ఎకరాల క్యాంపస్ ఉంది. ఒకే ముక్క, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కనే, ఎంఎంటీఎస్ లోకల్ రైలు లైను కూడా దగ్గరే. ఉప్పల్లో కూడా పేరున్న కంపెనీ ఉంది. అయినా చుట్టూ మాదాపూర్ లాంటిది పెరగలేదు. కారణం ఉద్యోగి లెక్క. మాదాపూర్‌లో జాబ్ మారాలంటే రోడ్డు దాటితే చాలు, ఇల్లు మారక్కర్లేదు, పిల్లల స్కూలు మారక్కర్లేదు. పోచారంలో ఆ ఒక్క కంపెనీ వదిలితే మళ్లీ పడమరకే రావాలి. అందుకే అక్కడ పని చేసేవాళ్లలో కూడా చాలామంది అటు ఇల్లు కొనడానికి వెనకాడతారు. కంపెనీ వైపు నుంచి చూసినా అంతే: యాభై మందిని నెలలో తీసుకోవాలంటే చుట్టూ వేరే కంపెనీలు ఉండాలి, వాళ్ల దగ్గర్నుంచి లాక్కోవడానికి!

ఇక మెట్రో. తూర్పుకు మేలు చేస్తుందని అంతా అనుకున్నారు. నాగోల్–అమీర్‌పేట 2017 నవంబర్‌లో మొదలైంది, 2019లో హైటెక్ సిటీ, ఆ ఏడాది చివరికి రాయదుర్గం దాకా వెళ్లింది. ఫలితం? ఉప్పల్లో అద్దెకుండి రాయదుర్గంలో పని చేయడం తేలికైంది. ఆఫీసు తూర్పుకు రావాల్సిన అవసరం ఇంకా తగ్గింది. రెండు కొసల్నీ కలిపే రైలు ఉద్యోగాల్ని బలమైన కొసకే లాగుతుంది, మనుషుల్ని చవక కొసలో పడుకోబెడుతుంది. తూర్పును పెంచాలనుకుంటే ముందు తూర్పు లోపల తిరిగే లైను వేయాలి: ఎల్బీనగర్, నాగోల్, ఉప్పల్, ఈసీఐఎల్, అల్వాల్ కలుపుతూ.

"లుక్ ఈస్ట్" సంగతి. 2020 చివర్లో వచ్చిన గ్రిడ్ పాలసీ ఉద్దేశం ఉప్పల్, నాచారం లాంటి పాత ఇండస్ట్రియల్ ఏరియాల్లో కొంత ఐటీకి మార్చుకోనివ్వడం. నాకు నచ్చిన పాయింట్ ఏంటంటే, తూర్పున పట్టా గొడవ లేని, మంచి రోడ్లున్న పెద్ద ముక్కలు అవే. చిక్కేంటంటే యజమాని ఆఫీసుకు మార్చేకంటే అపార్ట్‌మెంట్లకు మార్చితే డబ్బు త్వరగా వస్తుంది. అలా మారిస్తే ఉన్న ఉద్యోగాలు కూడా పోతాయి, ఇళ్లు పెరుగుతాయి. లుక్ ఈస్ట్ కాస్తా స్లీప్ ఈస్ట్ అవుద్ది.

---

సర్వేనంబర్:

పోచారం పాయింట్ ఒప్పుకుంటా. కానీ ఆ గుంపు మొదట ఏర్పడటానికి వరసగా పక్కపక్కన ఇవ్వడానికి జాగా ఉండాలి కదా. పోచారంలో ఉన్నది ఒక్క ద్వీపం, చుట్టూ పట్టా భూములు. మాదాపూర్ నుంచి నానక్‌రాంగూడ దాకా ఉన్నది గొలుసు.

---

కృష్ణా_కరకట్ట జవాబు:

ముక్కల్ని కలపడం అసాధ్యం అన్నట్టు రాశారు గజంలెక్క గారు. అమరావతిలో చేశారు కదండీ. 29 గ్రామాల్లో 33 వేల ఎకరాల పైన, భూసేకరణ లేకుండా పూలింగ్‌లో, అంటే రైతు భూమి ఇస్తే డబ్బుకు బదులు అభివృద్ధి చేసిన ప్లాట్లు తిరిగివ్వడం. మెట్ట ఎకరం ఇస్తే తిరిగి 1,000 గజాల ఇంటి ప్లాటు, 250 గజాల కమర్షియల్. జరీబు (నీటి వసతి ఉన్న సారవంతమైన భూమి) ఎకరానికి 1,000, 450. ఎకరం 4,840 గజాలు కాబట్టి తిరిగొచ్చేది మెట్టకు సుమారు 26 శాతం, జరీబుకు 30 శాతం. పైగా పదేళ్ల కౌలు: ఏడాదికి మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేలు, ఏటా మొదటి మొత్తంలో పదిశాతం పెంపు.

పూలింగ్‌లో రైతు చేతికి వచ్చేది భూమి ధర కాదు, ప్రభుత్వం మాట మీద నమ్మకం. 250 గజాల కమర్షియల్ ప్లాటు విలువంతా దాని ముందు రోడ్డు పడుతుందా, సెక్రటేరియట్ అక్కడే ఉంటుందా అన్నదాని మీద ఉంది. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానులు అన్నాక అదే 250 గజాలు ముళ్లకంపల మధ్య నంబరు రాయి అయింది. 2024లో పనులు మళ్లీ మొదలయ్యాయి. అదే రాయి, ధర వేరు. భూమిలో మట్టి మారలేదు, మారింది ప్రభుత్వం.

ఇక హైదరాబాద్ తూర్పున ఇది ఎందుకు కుదరదంటే, పూలింగ్ పొలాలకు పని చేస్తుంది, ఇళ్లు కట్టుకున్న 200 గజాలకు చేయదు. ఎకరం ఇచ్చి 1,250 గజాలు తీసుకునే రైతు ఉంటాడు. 200 గజాల ఇల్లు ఇచ్చి 52 గజాలు తీసుకునేవాడు ఉండడు.

---

తూర్పుగాలి:

52 గజాల లెక్కకు నవ్వొచ్చింది. ఇంకొక్కటి అడుగుతా. కోకాపేటలో ఎకరం వంద కోట్లు అన్నారు. ఆ ధర నిజంగా గిట్టుబాటా? ప్రభుత్వం వేలం ఆపితే పడమర ఆగుతుందా?

---

గజంలెక్క:

2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ లేఅవుట్ వేలంలో హెచ్‌ఎండీఏ (ప్రభుత్వ నగరాభివృద్ధి సంస్థ) 45.33 ఎకరాలకు 3,319 కోట్లు తెచ్చుకుంది. సగటు ఎకరానికి 73 కోట్లు. పేపర్లో వచ్చిన 100.75 కోట్లు ఆ వేలంలో అత్యధిక పాట.

ఆ అత్యధిక పాటనే తీసుకుందాం. గజానికి 2.08 లక్షలు. వినడానికి భయంగా ఉంటుంది, కానీ బిల్డర్ గజాల్లో ఆలోచించడు, కట్టే చదరపు అడుగుకు భూమి ఖర్చెంత అని చూస్తాడు. ఎకరం 43,560 చదరపు అడుగులు. స్థలానికి నాలుగు రెట్లు కడితే అడుగుకు భూమి ఖర్చు సుమారు 5,780 రూపాయలు. పది రెట్లు కడితే 2,310. అందుకే అక్కడ నలభై, యాభై అంతస్తులు. అంత ఎత్తు కట్టడం వాళ్ల గొప్ప కాదు, ఆ పాట పాడినవాడికి వేరే దారి లేదు. ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి ఉన్న ఊళ్లో అదే బిల్డర్ అదే స్థలానికి సగం కూడా పాడడు.

దీనిలో ప్రభుత్వం వాటా చూడండి: భూమి అమ్మిన డబ్బు, పర్మిషన్ ఫీజులు, ఎత్తు మీద ఇంపాక్ట్ ఫీజు, ఒక్కో ఫ్లాటుకూ రిజిస్ట్రేషన్ ఫీజు, స్టాంప్ డ్యూటీ. భూమి తనదే, రూలూ తనదే, పన్నూ తనదే. 2023లో 158 కిలోమీటర్ల ఓఆర్ఆర్ టోల్ కూడా 30 ఏళ్లకు 7,380 కోట్లకు లీజుకిచ్చేసింది. ఏ పార్టీ ప్రభుత్వం వచ్చినా ఈ లెక్క వదులుకోవడం కష్టం. వేలం ఆపితే పడమర ఆగుతుందా అన్నారు, ఆగదు. ఇప్పటికే అమ్మినవి కట్టడానికే ఏళ్లు పడుతుంది. కానీ జీతాలకూ పథకాలకూ డబ్బు ఇంకో చోట వెతుక్కోవాలి.

తేడా కొట్టేది ఎక్కడంటే, స్థలానికి పది రెట్లు కట్టినా దాని ముందు రోడ్డు అదే 30 మీటర్లు, మురుగు పైపు అదే సైజు. ఎత్తుకూ రోడ్డుకూ లంకె ఉంది గానీ, ఎంతమంది వచ్చి చేరతారో దానికీ రోడ్డుకూ లంకె లేదు. ఒకే 30 మీటర్ల రోడ్డు మీద ఒక టవర్ ఉన్నా అదే రూల్, ఇరవై ఉన్నా అదే రూల్. ఎఫ్‌ఎస్‌ఐ తీసేసినప్పుడు మరిచిపోయింది ఇదే. సాయంత్రం ఆరింటికి ఆ రోడ్డు మీదకెళ్తే కనిపిస్తుంది.

ఇది చదివి ఎవరైనా ఫ్లాటో ప్లాటో కొందామనుకుంటే, ఏ దిక్కైనా సరే, నాలుగు చూసుకోండి. ప్లాన్‌లో "100 అడుగుల రోడ్డు" అంటే అది నేల మీద ఉందా, మాస్టర్ ప్లాన్‌లో గీత మాత్రమేనా. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ శాఖ 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా. చెరువు పక్కనైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు) నుంచి దూరం: పది హెక్టార్లు, ఆపై చెరువుకు 30 మీటర్లు, చిన్నదానికి 9. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపైతే 2. ఇక రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా "ప్రీ లాంచ్, యూడీఎస్ (విడదీయని భూమి వాటా) రిజిస్ట్రేషన్ చేస్తాం" అంటే, మీరు కొనేది ఫ్లాటు కాదు, ఇంకా పర్మిషన్ రాని భూమిలో వాటా. పర్మిషన్‌లో అంతస్తులు తగ్గితే మీ వాటా ఎవరితోనో పంచుకుంటూ కూర్చోవాలి. 500 చదరపు మీటర్లు లేదా 8 ఫ్లాట్లు దాటిన ఏ ప్రాజెక్టుకైనా అమ్మకానికి ముందే రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

---

దిగువమూసీ:

ఐదోది నేను చేరుస్తా: ఆ ప్రాజెక్టు మురుగు ఎటు పోతుందో అడగండి. "సొంత ఎస్‌టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) ఉంది" అంటారు. శుద్ధి చేశాక మిగిలిన నీళ్లు ఏ నాలాలోకి వదులుతారో, ఆ నాలా ఏ చెరువులో కలుస్తుందో అడగండి. చాలాచోట్ల జవాబు రాదు.

---

తూర్పుగాలి:

మా కాలనీ రోడ్డు ఇవాళ టేపు పెట్టి కొలిచాను. 8.7 మీటర్లు. పట్టికలో మా వరస ఏదో అర్థమైంది.